వకీలు గోడు వకీలే వినాలి

కక్షిదారుల గుట్టు కడుపులో దాచుకునే న్యాయవాదులకూ, తీర్పులు రాసే న్యాయమూర్తులకూ తమ బాధ చెప్పుకునే చోటు కావాలి. అక్కడ చెప్పింది బయటికి పొక్కదన్న హామీ అంతకంటే ముందు కావాలి.

రాత్రి ఏ పన్నెండింటికో ఆసుపత్రి నుంచి మేజిస్ట్రేటుకు కబురొస్తుంది. కాలిన గాయాలతో ఒకామెను తెచ్చారు, మరణ వాంగ్మూలం తీసుకోవాలి, వెంటనే రమ్మని. ఉద్యోగంలో చేరి ఏడాదైనా నిండని జూనియర్ సివిల్ జడ్జి అయినా సరే, లేచి వెళ్లాల్సిందే. వార్డులో అడుగు పెట్టగానే బంధువులనూ పోలీసులనూ బయటికి పంపాలి. ఆమె స్పృహలో ఉంది, మాట్లాడగలదు అని డాక్టరు చేత రాయించుకోవాలి. నీ పేరేమిటమ్మా, ఏ ఊరు, నేనెవరో తెలుసా అని అడిగి, తెలివిగానే జవాబిస్తోందని తనకు తానుగా తేల్చుకోవాలి. ఆ తర్వాతే అసలు సంగతి. ఆమె ఏ మాటంటే ఆ మాటే, ఆమె యాసలోనే రాయాలి. చదివి వినిపించి వేలిముద్ర వేయించుకోవాలి. చేతివేళ్లు కాలిపోయి ఉంటే కాలి బొటనవేలి ముద్ర. కాగితాలు కవరులో పెట్టి సీలు వేసి ఇల్లు చేరేసరికి తెల్లవారుతుంది. పదిన్నరకు మళ్లీ బెంచి ఎక్కాలి.

ఆ కాగితం విచారణలో సాక్ష్యమవుతుంది. దాన్ని రాసిన మనిషి మాత్రం వార్డులో విన్న మాటలనూ, ముక్కుకు పట్టిన ఆ వాసననూ మోసుకుంటూ తిరుగుతారు. బార్‌లో వారితో చనువుగా మెలగకూడదు. ఇంట్లో చెబుదామంటే కేసు వివరాలు నోటికి అడ్డొస్తాయి. ఊళ్లో స్నేహాలు కుదిరేలోపు బదిలీ ఉత్తర్వు వస్తుంది. చదువుకునే రోజుల్లో పది మందితో కలిసి తిరిగినవారు కూడా ఈ కొలువులోకి వచ్చాక ఒంటరివారైపోవడం న్యాయమూర్తుల కుటుంబాలకు బాగా తెలిసిన సంగతి.

న్యాయవాదుల మీద పడే బరువు ఇంకో రకం. పోక్సో కేసు నడపాలంటే పసిపిల్ల ఇచ్చిన వాంగ్మూలాన్ని పదిసార్లు చదవాలి. హత్య కేసులో పోస్టుమార్టం రిపోర్టు ముందేసుకుని, ఏ గాయం ఎంత లోతో లెక్క చూసుకుని డాక్టరును క్రాస్ చేయాలి. ఫ్యామిలీ కోర్టులో తిరిగేవారి కళ్ల ముందు రోజుకో కాపురం కూలుతుంది. ఇవన్నీ వింటూ, చదువుతూ ఉన్నవారికి ఆ గాయం తామూ కొంత తగిలించుకున్నట్టే అవుతుందని మానసిక వైద్యులు గుర్తించి చాలా కాలమైంది. నర్సుల గురించీ, అగ్నిమాపక సిబ్బంది గురించీ ఆ మాట చెబితే అందరూ ఒప్పుకుంటారు. నల్లకోటు వేసుకున్నవాళ్లు మాత్రం రాయిలా ఉండాలని అనుకుంటారు. 2021 ఫిబ్రవరిలో పెద్దపల్లి జిల్లాలో న్యాయవాద దంపతులను పట్టపగలు నడిరోడ్డు మీద నరికి చంపారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ న్యాయవాదులు విధులు మానేసి రోడ్డెక్కారు, రక్షణ చట్టం కావాలని అడిగారు. ఆ హత్య దృశ్యాన్ని ఫోన్లలో చూసి, మర్నాడు అలాంటి ముప్పున్న కేసులోనే వకాలత్ వేయాల్సిన యువ న్యాయవాది మనసు ఎలా ఉందని అడిగే ఏర్పాటు మాత్రం ఎక్కడా లేదు.

చెప్పుకుంటే ఏమవుతుంది?

2016లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం వెలువడింది. 19 రాష్ట్రాల్లో ప్రాక్టీసులో ఉన్న 12,825 మంది న్యాయవాదులను ప్రశ్నించారు. అధ్యయనానికి ముందు నిలిచిన ప్యాట్రిక్ క్రిల్ స్వయంగా న్యాయవాది, వ్యసన చికిత్సలో సలహాదారు కూడా. 20.6 శాతం మంది మద్యం వాడకం ప్రమాదకరమైన హద్దులో ఉందని తేలింది. కుంగుబాటు లక్షణాలు 28 శాతం మందిలో, ఆందోళన లక్షణాలు 19 శాతం మందిలో కనిపించాయి. వయసు మళ్లిన సీనియర్లకే ఈ తిప్పలనుకుంటాం కానీ, మద్యం ఇబ్బంది ఎక్కువగా కనిపించింది వృత్తిలోకి వచ్చిన మొదటి పదేళ్లలోపు వారిలో.

నాకు ఈ అంకెలకన్నా అదే అధ్యయనంలోని మరో ప్రశ్న ముఖ్యమనిపిస్తుంది. సాయం ఎందుకు తీసుకోలేదు అని అడిగారు. డబ్బు లేదనో, తీరిక లేదనో ఎక్కువ మంది చెబుతారనుకుంటాం. అందరికంటే ఎక్కువగా వచ్చిన జవాబులు రెండు: నాకు సాయం కావాల్సి వచ్చిందని ఇతరులకు తెలియకూడదు, చెప్పింది గోప్యంగా ఉంటుందన్న నమ్మకం లేదు. బ్రిటన్‌లో 1997 నుంచి పనిచేస్తున్న లాకేర్ అనే స్వచ్ఛంద సంస్థ 2021లో ఇచ్చిన నివేదికలోనూ ఇదే ధ్వని. తమ ప్రశ్నలకు జవాబిచ్చిన న్యాయవృత్తివారిలో 69 శాతం మంది అంతకు ముందు ఏడాదిలో ఏదో ఒక మానసిక అనారోగ్యం పడ్డామన్నారు. పనిచేసే చోట దాచిపెట్టినవారు చెప్పిన కారణం పరువు, ఉద్యోగం పోతాయన్న భయం.

ఈ భయాన్ని మొహమాటమని కొట్టిపారేయడానికి లేదు. వకీలుకు ఉన్న ఆస్తి నమ్మకం ఒక్కటే. వంద మంది లాయర్లున్న తాలూకా కోర్టులో ఒకాయన మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లొచ్చాడని బార్ రూములో మధ్యాహ్నం టీ వేళకు తెలిస్తే, సాయంత్రానికి ఎదుటి పార్టీ లాయరుకు తెలుస్తుంది. వారం తిరిగేలోపు కక్షిదారు వచ్చి, ‘ఫైలు ఒకసారి ఇప్పించండి సార్, మావాళ్లు చూస్తారంట’ అంటాడు. ఆ మాటకు అర్థం ప్రతి వకీలుకూ తెలుసు.

బీమా నిధి పెట్టిన ఖర్చు

ఈ భయాన్ని దాటే దారి అమెరికా పడమటి తీరంలోని ఒరెగాన్ రాష్ట్రంలో కనిపిస్తుంది. అక్కడ సొంతంగా ప్రాక్టీసు చేసే న్యాయవాదులు వృత్తిలో జరిగే పొరపాట్లకు బీమా తీసుకోవాల్సిందే. 1970ల చివర్లో అక్కడి బార్ తానే ఒక నిధి పెట్టి ఆ బీమా ఇవ్వడం మొదలుపెట్టింది. పరిహారం ఇవ్వాల్సి వచ్చిన కేసులు చూస్తే, గడువు దాటిపోయిన దావాలు, నెలల తరబడి జవాబివ్వని ఉత్తరాలు. వాటిలో చాలావాటికి మూలం చట్టం తెలియకపోవడం కాదు, తాగుడు. అందుకే 1982లో అదే నిధి ఖర్చుతో న్యాయవాదుల సహాయ కార్యక్రమం మొదలైంది. తాగుడుతో మొదలై కుంగుబాటు, జూదం, పనిలో అలసట, వృత్తి మారాలనుకునేవారి సందేహాలు, ముసలితనంలో ఎప్పుడు మానేయాలో తేల్చుకోలేని సీనియర్ల బెంగ, అన్నింటికీ అది తలుపు తెరిచింది. పైసా ఖర్చు లేదు. అక్కడ కూర్చుని వినేవారు న్యాయవాద వృత్తి ఎరిగిన సలహాదారులు.

డబ్బు బీమా నిధిదే అయినా, ఎవరు ఫోన్ చేశారో, ఏం చెప్పారో ఆ నిధిలో క్లెయిములు చూసేవారికి తెలియదు. బార్‌కూ తెలియదు. దీనికి రాష్ట్ర చట్టం రక్షణ ఇచ్చింది. మినహాయింపులు కొద్దివే: ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు, పిల్లల మీదో వృద్ధుల మీదో హింస జరుగుతున్నప్పుడు. టెక్సస్‌లో కూడా ఈ గోప్యత చట్టంలోనే రాసి ఉంది. చికిత్సకు డబ్బు లేని న్యాయవాదుల కోసం అక్కడ తోటి న్యాయవాదుల విరాళాలతో నడిచే ట్రస్టు ఉంది. డాలస్‌లోనూ హ్యూస్టన్‌లోనూ పెరిగి, లా చదివి, ఆ బార్‌లో చేరుతున్న తెలుగు పిల్లలకు ఈ సంగతి ఇంట్లో ఎవరూ చెప్పరు. తల్లిదండ్రులకు తెలిసినవి సాఫ్ట్‌వేరూ వైద్యమూ కాబట్టి పిల్లలే తెలుసుకోవాలి.

అమెరికా బార్ల నియమావళికి ఆధారమైన నమూనా సూత్రాల్లో ఒక కఠినమైన విధి ఉంది. తోటి న్యాయవాది తీవ్రమైన తప్పు చేశాడని తెలిస్తే అధికారులకు చెప్పి తీరాలి. అలాంటి చోట తోటి న్యాయవాదికి ఎవరు గోడు చెప్పుకుంటారు? అందుకే అదే నియమంలో, 8.3(సి)లో, ఒక మినహాయింపు పెట్టారు. గుర్తింపు పొందిన సహాయ కార్యక్రమంలో తెలిసిన సంగతి బయటపెట్టనక్కర్లేదు. మొత్తం వ్యవస్థ ఈ ఒక్క వాక్యం మీద నిలబడి ఉంది. కరపత్రాలు, సదస్సులు, యోగా తరగతులు దీని తర్వాతే.

తోటివాడే ఎందుకు?

1935లో తాగుడు మానాలనుకునేవారి సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్‌ను ప్రారంభించిన ఇద్దరిలో ఒకాయన శస్త్రవైద్యుడు. రెండో ఆయన స్టాక్ బ్రోకరు బిల్ విల్సన్, బ్రూక్లిన్ లా స్కూల్లో చదివినవాడు. తాగుబోతు మాట తాగుబోతే వింటాడన్నది వాళ్లు అనుభవం మీద కనుక్కున్న సూత్రం. 1970ల్లో అమెరికాలో న్యాయవాదులు తమలో తాము కూడుకుని పెట్టుకున్న మొదటి బృందాలు దాని మీదే నడిచాయి. 1988 నాటికి అమెరికన్ బార్ అసోసియేషన్ ఇందుకోసం ప్రత్యేక కమిషన్ వేసింది.

మన ఊళ్లలో దీని అవసరం వేరే చెప్పాలా? ‘నిన్న కోర్టులో జడ్జిగారు అందరి ముందూ నన్ను కేకలేశారు, రాత్రంతా నిద్ర లేదు’ అని ఇంట్లో అంటే, ‘దానికేముంది, వదిలేయ్’ అంటారు. ఇంకో లాయరుతో అంటే ఆయన ఒక్క నిమిషం ఆగి, ఏ కోర్టు, ఏ స్టేజి, క్లయింటు పక్కనే ఉన్నాడా అని అడుగుతాడు. ఆ మూడో ప్రశ్నలోనే సగం ఊరట ఉంది. క్లయింటు ఎదుట తిట్టు తినడం ఎలాంటిదో తిన్నవారికే తెలుసు. వైద్యుడి పని వైద్యుడు చేస్తాడు, మందులు మందులే. అయితే వైద్యుడి గుమ్మం దాకా చెయ్యి పట్టుకు నడిపించేది తోటివాడే.

గుమాస్తా డైరీ చెప్పే కథ

వకీలు కుంగిపోతున్న సంగతి అందరికంటే ముందు పట్టేది ఆయన గుమాస్తా. వాయిదాల డైరీ గుమాస్తా చేతిలో ఉంటుంది. మామూలుగా ఇవాళ్టి పేజీలో పార్టీ పేర్లు, కోర్టు, స్టేజి, వచ్చే తేదీ ఒకదాని వెంట ఒకటి ఉంటాయి. క్రమంగా వచ్చే తేదీ గడి ఖాళీగా మిగలడం మొదలవుతుంది. ఆఫీసు ఆబ్జెక్షన్లతో తిరిగొచ్చిన దావా కట్ట విప్పకుండానే బల్ల కింద పడి ఉంటుంది. గుమాస్తా కోర్టు హాలు బయట ఇంకో లాయరును పట్టుకుని, ‘సార్‌కు ఒంట్లో బాగోలేదండి, ఈ ఒక్కసారి మీరు నిలబడి వాయిదా అడగండి’ అని బతిమాలుతాడు. మొదటిసారి అందరూ నిలబడతారు. నాలుగోసారికి తప్పుకుంటారు. ఎందుకని ఎవరూ అడగరు. అడగకపోవడమే మర్యాద అనుకుంటారు.

ఇక ఒకరోజు పిలిచినప్పుడు ఎవరూ పలకరు. వాది కేసైతే డిఫాల్ట్ కింద కొట్టేస్తారు, ప్రతివాదైతే ఎక్స్‌పార్టీ డిక్రీ అవుతుంది. రద్దు చేయమని అడగడానికి గడువు 30 రోజులు. ఊళ్లో ఉన్న కక్షిదారుకు ఆ సంగతే తెలియదు. ఆయనకు తెలిసేది పక్కవాడు అమీనాతో వచ్చి పొలం గట్టు మీద నిలబడ్డప్పుడు. లాయరు చేసిన తప్పుకు అమాయకుడైన కక్షిదారు నష్టపోకూడదని సుప్రీంకోర్టు 1981లోనే రఫీక్ వర్సెస్ మున్షీలాల్ కేసులో చెప్పింది. చెప్పినా, ఆలస్యం మాఫీ పిటిషన్లతో ఆ మనిషి ఏళ్ల తరబడి తిరగాలి. అందుకే ఇది లాయర్ల సొంత గొడవ అనుకోవద్దని పాఠకులకు నా మనవి. మీ పట్టా కాగితాలు ఎవరి బీరువాలో ఉన్నాయో, ఆయన నిద్రపోతున్నాడా లేదా అన్నది మీకూ సంబంధించిన విషయమే.

జూనియర్ల పరిస్థితి చెప్పనే అక్కర్లేదు. పొద్దున్నే సీనియర్ ఆఫీసుకు, అక్కడి నుంచి కోర్టుకు, సాయంత్రం మళ్లీ ఆఫీసుకు. చేతికొచ్చేది పెట్రోలు ఖర్చు. ప్రచారం చేసుకోకూడదు, జీతానికి పూర్తికాలం ఉద్యోగం చేయకూడదు అని బార్ కౌన్సిల్ నియమాలు. నగరాల్లో నెలకు కనీసం 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు జూనియర్లకు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించింది. సూచనే, శాసనం కాదు. ఆకలినీ కుంగుబాటునూ విడదీసి చూడలేం. ఏ సహాయ కేంద్రమైనా ముందు ఈ కుర్రాళ్లు, ఈ అమ్మాయిలు చెప్పేది వినాలి. అమ్మాయిలకైతే దీనికి తోడు ఎదుటి పార్టీవాళ్ల రాత్రి ఫోన్లు, ‘పెళ్లయ్యాక మానేస్తావుగా’ అనే మాటలు.

కావలసిన గోడ

1961 న్యాయవాదుల చట్టాన్ని తిరగేస్తే 35వ సెక్షన్ కింద దుష్ప్రవర్తనకు శిక్ష ఉంది: మందలింపు, సస్పెన్షన్, జాబితా నుంచి పేరు కొట్టేయడం. జబ్బుపడ్డ న్యాయవాదిని ఏం చేయాలన్నదానికి దారి లేదు. అలాగని చట్టం చేతులు కట్టేయనూ లేదు. నిస్సహాయులు, అంగవైకల్యం ఉన్నవారు, ఇతర న్యాయవాదుల సంక్షేమ పథకాలకు రాష్ట్ర బార్ కౌన్సిల్ నిధి పెట్టవచ్చని 6వ సెక్షన్‌లోనే ఉంది. వృత్తి ప్రవర్తనపై నియమాలు చేసే అధికారం 49వ సెక్షన్ కింద బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు ఉంది. గుర్తింపు పొందిన తోటి సహాయకుడితో చెప్పిన మాటను క్రమశిక్షణ కమిటీ ముందు సాక్ష్యంగా వాడరాదు అని ఒక్క నియమం చేస్తే చాలు, మొదటి ఇటుక పడుతుంది.

శిక్షించేదీ బార్ కౌన్సిలే, ఆదుకోవాల్సిందీ బార్ కౌన్సిలే. ఈ రెండింటి మధ్య గోడ లేకుండా హెల్ప్‌లైన్ నంబరు ప్రకటిస్తే అది మోగదు. సహాయ కేంద్రం మరో భవనంలో, మరో యాజమాన్యం కింద, తన సొంత రికార్డులతో ఉండాలి. వీలైతే రికార్డులే లేకుండా ఉండాలి.

తప్పు చేసినవాళ్లు దీని చాటున తప్పించుకోరా అని కొందరు పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మోటారు ప్రమాద పరిహారం డబ్బు కక్షిదారుకు ఇవ్వకుండా వాడుకున్నవాడికి ఏ సహాయ కేంద్రమూ అడ్డుగోడ కాకూడదు. అమెరికాలోనూ కాదు. ఫిర్యాదు దారి ఫిర్యాదుది, విచారణ ఆగదు. సాయం కోరి చెప్పుకున్న మాటలను తవ్వి ఫిర్యాదు తయారు చేయకూడదన్నదే ఆ రక్షణ. పైగా ముందే ఆదుకుంటే ఆ డబ్బు ముట్టుకునేదాకా పోనివారు ఎంతోమంది ఉంటారు.

డబ్బు గురించి: మన వకాలత్‌ల మీద సంక్షేమ నిధి స్టాంపు అతికిస్తాం. న్యాయవాది చనిపోతే కుటుంబానికి, వృత్తి మానేస్తే ఆయనకు అందే మొత్తం ఆ నిధి నుంచే. చనిపోయాక ఇచ్చేదాంట్లో కొంత భాగం బతికుండగా వినడానికి కేటాయించమని అడగడం అత్యాశ కాదు.

ఇంకో ఆలోచన కూడా ఉంది. 2019 జనవరి 1 నుంచి తెలుగువారికి రెండు హైకోర్టులు ఉన్నాయి, బార్ కౌన్సిళ్లూ రెండు వేరువేరుగా పనిచేస్తున్నాయి. విడిపోవడం వల్ల కలిగే మేలును ఇక్కడ వాడుకోవచ్చు. శ్రీకాకుళం న్యాయవాది ఫోను ఆదిలాబాద్ న్యాయవాది ఎత్తాలి, నల్గొండ ఆమె గోడు అనంతపురం ఆమె వినాలి. భాష ఒకటే, చట్టాలు చాలావరకు ఒకటే, బార్ రూములు వేరు. రేపు ఎదురెదురుగా నిలబడే ప్రమాదం దాదాపు ఉండదు. వినేవారికి శిక్షణ కావాలి: ఎప్పుడు వినాలి, ఎప్పుడు వైద్యుడి పేరు చెప్పాలి, ప్రాణం మీదికి తెచ్చుకునే మాట వినిపిస్తే ఏం చేయాలి. చికిత్సకు వెళ్లిన నెలా రెండు నెలలు ఆయన కేసుల్లో నిలబడే నలుగురి జాబితా కూడా ఆ కేంద్రం దగ్గరే ఉండాలి. కేసులు ఏమైపోతాయోనన్న బెంగతో ఆసుపత్రిలో చేరనివారి కోసం ఇది.

న్యాయమూర్తుల విషయంలో ప్రపంచం కాస్త ముందుకు కదిలింది. న్యాయమూర్తుల క్షేమంపై 2024 జులై 25న నౌరులో ఒక ప్రకటన చేశారు. ఐక్యరాజ్యసమితి ఆ తేదీని అంతర్జాతీయ దినంగా గుర్తించింది. 2025లో సరిగ్గా అదే రోజున మన సుప్రీంకోర్టు విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉన్న విద్యార్థిని మరణం కేసులో తీర్పు ఇచ్చింది. మానసిక ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని చెప్పి, విద్యాసంస్థలన్నింటికీ మార్గదర్శకాలు పెట్టింది. కోచింగ్ సెంటర్లో కౌన్సెలర్ ఉండాలన్న న్యాయస్థానం తన ప్రాంగణంలోనూ ఆ కుర్చీ వేస్తుందని ఆశిస్తున్నాను. వార్డు నుంచి తెల్లవారుజామున తిరిగొచ్చిన ఆ జూనియర్ జడ్జికి మర్నాడు ఫోన్ చేయడానికి, వేరే జిల్లాలో ఉన్న మరో జడ్జి ఒక్కరు ఉంటే చాలు.

ఇవాళ్టికి చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం రోగి హక్కు. చట్టం చదివిన మన వకీళ్లలోనూ చాలామంది దీన్ని తమకోసం చదువుకోరు. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్‌కు 14416 నంబరులో రాత్రీపగలూ ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. డైరీలో ఖాళీ గళ్లు గమనించిన గుమాస్తా, రాత్రుళ్లు భర్త వరండాలో పచార్లు చేయడం చూస్తున్న భార్య, తల్లి ముభావంగా మారిందని గ్రహించిన కొడుకు కూడా చేయవచ్చు, ఎలా మాట్లాడాలో అడగవచ్చు. ఫోన్ చేసే న్యాయవాది తన ఎన్‌రోల్‌మెంట్ నంబరు చెప్పనక్కర్లేదు.